ఇరవై నాలుగు బోల్టులు

హామిల్టన్,
ఏప్రిల్ 11, 2026

చెల్లెమ్మ స్వీటీకి,

నీ ట్రైలర్ చక్రాలు బ్యాలెన్స్ చేయించావా, లేదా? అవునంటే అవును, కాదంటే కాదు. ఆ రెండూ కాని మాట సాతాను దగ్గర్నుంచి వస్తుందని సండే స్కూల్లో నువ్వే వల్లించావు.

ఫోనుండగా ఉత్తరమేంటని రేవంత్ బావగారు నవ్వుతారు. నవ్వనీ. గ్రూపులో నా వాయిస్ మెసేజీలను మీరంతా మ్యూట్ చేశారని ధరణి చెప్పేసింది. తొమ్మిదేళ్ల పిల్ల, ఇంకా అబద్ధం నేర్చుకోలేదు. "మామయ్యా, యువర్ మెసేజెస్ ఆర్ లైక్ ఇలెవెన్ మినిట్స్!" అంది. కాగితాన్ని మ్యూట్ చేయలేరుగా. చించుకోండి, అది మీ పాపం.

మొన్న ఫోన్లో బావగారన్న మాట నాలుగు రోజులుగా నాకు గొంతులో ముల్లులా ఉంది. "కారులో మనుషులు కూర్చుంటారు కాబట్టి కారు చక్రాలకు బ్యాలెన్స్. ట్రైలర్లో ఎవరూ కూర్చోరు కదండీ, వణికితే ఎవరికి నష్టం?" అన్నారు. ఎంత చక్కని సిద్ధాంతం! ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాముకు ముప్పైసార్లు పరీక్ష పెట్టే మనిషి, మంచాలూ వంటిల్లూ ఉన్న మూడు టన్నుల బండిని ట్రక్కు వెనక తగిలించి కొండల్లోకి లాక్కెళ్తూ చక్రానికి ఒక్క పరీక్ష పెట్టడు. దోమను వడగట్టి ఒంటెను మింగడమంటే ఇదే కాదూ?

పద్దెనిమిదేళ్లుగా హామిల్టన్‌లో టైర్లు విప్పుతున్న చేతులివి. ఆదివారాలు మా సంఘం కూడే స్కూలు జిమ్‌లో వాక్యం చెప్పేదీ ఇవి ఊపుతూనే. బడికెళ్లి నేర్చుకున్నది రెండింటిలోనూ లేదు. విను. చక్రానికి ఒక పక్క పిసరంత బరువెక్కువైతే హైవే మీద అది నిమిషానికి ఏడువందల యాభైసార్లు నేలను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. టైరు గుంతలు గుంతలుగా అరుగుతుంది. స్క్రూలు వదులవుతాయి. ఒకరోజు టైరు పేలుతుంది. టైరు పేలిన ట్రైలర్ ఒంటరిగా పోదు, ముందున్న ట్రక్కును కూడా పట్టుకు లాగుతుంది. ఆ ట్రక్కు వెనక సీట్లో నా మేనకోడలుంటుంది.

బైబిల్లో, దారికి అడ్డంగా కత్తి దూసి నిలబడ్డ దేవదూతను గాడిద చూసింది. మీద కూర్చున్న ప్రవక్తకు కనిపించలేదు. కర్ర తీసుకుని గాడిదనే కొట్టాడు. మీ ట్రైలర్ వణుకుతోందంటే అది మాట్లాడుతోంది. కొట్టకండి, వినండి.

జూలైలో కెలోనా దగ్గర మన తెలుగు సంఘాల కుటుంబ కూటానికి మీరు ఆ ట్రైలర్‌తోనే రావాలి, రాకీ కొండలు దాటి. ఇంకా రెండున్నర నెలలుంది. వెంటనే జవాబు రాయి.

నీ అన్న,
కృపానిధి


కాల్గరీ,
మే 2

అన్నయ్యకు,

లేదు. ఇదిగో, నువ్వడిగినట్టే ఒక్క మాటలో చెప్పాను. ఇక మిగతా పేజీ నాది.

నీ ఉత్తరం రేవంత్ చదివాడు. చదివి, లాప్‌టాప్ తీసి, ట్రైలర్ల వాళ్ల ఫోరంలు మూడు రోజులు వెతికాడు. సగం మంది చేయించాలంటారట, సగం మంది దండగంటారట, ఆ రెండు సగాలూ కలిసి ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటాయట. "మీ అన్నయ్య అందులో ఏదో ఒక పేరుతో ఉండే ఉంటాడు" అన్నాడు. నాకూ అనుమానమే.

పోయిన శనివారం పరీక్షగా డ్రమ్‌హెల్లర్ దాకా లాక్కెళ్లి తెచ్చాం. తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల భూకంపం వచ్చి వెళ్లినట్టుంది. అల్మారా తలుపులు తెరుచుకుని ఉన్నాయి. నేల మీద నాలుగు స్క్రూలు, ఎక్కడివో తెలీదు. అత్తయ్య పంపిన ఆవకాయ సీసా ధరణి దిండు మీద పగిలింది. రేవంత్ ఆ దిండు పట్టుకుని, "ఆల్బర్టా రోడ్లంతే" అన్నాడు. చేతులనిండా ఎర్రటి నూనె కారుతోంది, మనిషి మాత్రం చక్రాల్ని ఒక్క మాట అననివ్వడు!

నీతోనూ, ఆయనతోనూ వేగలేక చస్తున్నాను. ఒకరు గూగుల్ చూడకుండా నీళ్లు తాగరు, ఇంకొకరు వాక్యం చెప్పకుండా టైరు గురించి మాట్లాడరు.

ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. రెండేళ్ల కిందట కింగ్‌స్టన్ దగ్గర నీ ట్రైలర్ టైరు పేలింది. ట్రక్కు రైలింగ్‌కి గుద్దుకుంది. వదిన ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. నీ దైవసేవను అడ్డుకోవాలని సాతాను దాడి చేశాడని నువ్వు నలభై నిమిషాలు సాక్ష్యం చెప్పావు. వీడియో కూడా పంపావు, చూసి ఏడ్చాను. మరి ఆ చక్రాలు బ్యాలెన్స్ చేయించినవేనా? నన్ను అవునో కాదో చెప్పమన్నావుగా. నువ్వూ చెప్పు.

స్వీటీ


హామిల్టన్,
మే 11

స్వీటీ,

ఈ జవాబు మూడుసార్లు రాసి మూడుసార్లు చించాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో బావగారిని తిట్టాను. మూడోదాంట్లో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

కాదు. చేయించలేదు.

సాతాను ఆ రోజు కింగ్‌స్టన్ దరిదాపుల్లో లేడు. నేనున్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పొద్దస్తమానం జనం చక్రాలు సరిచేసే నేను నా చక్రాల్ని వదిలేశాను. అప్పట్లో షాపుకొచ్చిన వాళ్లకు నేనే చెప్పేవాణ్ణి, "ట్రైలర్లకు అక్కర్లేదండీ, అందులో ఎవరు కూర్చుంటారు?" అని. బావగారి నోటినుంచి అదే మాట వినేసరికి నాకెందుకు ఒళ్లు మండిందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకా ఉంది. బయలుదేరే ముందు ఆ టైరు తడిమాను. అరచేతికి మిట్టలూ పల్లాలూ తగిలాయి. ఏం జరుగుతుందో నాకు తెలుసు. మీటింగుకు ఆలస్యమవుతోందని బండి ఎక్కాను. పక్క సీట్లో మీ వదిన.

తర్వాత వేదిక మీద నిలబడి నెపం సాతాను మీదికి నెట్టాను. తోటలో మొదటి మగాడు చేసిన పనే. జనం ఏడ్చారు. కృపానిధన్న మీద శత్రువు ఎంత పగబట్టాడో అన్నారు. ఆ ఏడుపు నాకు తియ్యగా ఉండింది, చెల్లెమ్మా. అది రాయడానికే మూడు కాగితాలు చించాను.

సరే. నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పని కానివ్వు. ఎలా చేయించాలో నాలుగో కాగితంలో విడిగా రాశాను. అదే ముఖ్యం. బావగారికి ఏదీ చదివే ఓపిక లేకపోతే అదొక్కటే చదివించు. నాలుగో కాగితం: కారు చక్రం మధ్యనున్న పెద్ద రంధ్రం మీద కూర్చుంటుంది. ట్రైలర్ చక్రాలు చాలావరకు అలా కూర్చోవు, బోల్టుల మీద కూర్చుంటాయి. మామూలు షాపులో మధ్య రంధ్రంలోకి శంకువు దూర్చి మెషీన్ మీద తిప్పేస్తారు. మెషీన్ ఏదో అంకె చూపిస్తుంది, బరువు సరిపెట్టే సీసం ముక్కలు కొడతారు, అయిపోయిందంటారు. అది దొంగ త్రాసు, ప్రభువుకు అసహ్యమైన తూకం! బోల్టు రంధ్రాలతో పట్టుకునే ప్లేటు ఏ షాపులో ఉందో ముందు ఫోన్ చేసి అడగండి. లేదంటే ఆ గడప తొక్కకండి.

కృపానిధి


కాల్గరీ,
జూన్ 1

అన్నయ్యకు,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. గడప తొక్కాం.

తప్పు నాదీ కాదు, రేవంత్‌దీ కాదు. నాలుగో కాగితం వెనక తెల్లగా ఉందని ధరణి దాని మీద డైనోసార్ బొమ్మ వేసి ఫ్రిజ్‌కి అంటించింది. బొమ్మ బయటికి, నీ బోధ లోపలికి. మూడు కాగితాలు చదివి, నాలుగోది ఎంత వెతికినా దొరక్క, "మీ అన్నయ్య ఇంత రాశాడంటే చేయించాల్సిందే" అని రేవంత్ తనంతట తనే ట్రైలర్ తీసుకెళ్లాడు. మా వీధి చివరి షాపుకు. గంటలో అయిపోయిందట. ఎలా పట్టుకుని తిప్పారని తర్వాత అడిగితే, "ఎలా ఏంటి, మధ్యలో పట్టుకుని" అన్నాడు.

ఆ ఆదివారం లాక్కెళ్తే మునుపటికన్నా ఘోరం. ఈసారి స్క్రూలు కాదు, అల్మారా తలుపే ఊడింది. రేవంత్ రోడ్డు పక్కన ఆపి, "చేయించకముందే నయం! మీ అన్నయ్య, ఆయన సుత్తి, ఆయన గాడిద!" అని అరిచాడు. ధరణి వెనక సీట్లోంచి, "డాడ్, ది డాంకీ వజ్ రైట్ దో" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇంటికొచ్చి పాలు తీస్తూ ఫ్రిజ్ మీది డైనోసార్‌ని తిప్పి చూశాను.

తర్వాత రెండు రోజులు పద్నాలుగు షాపులకు ఫోన్ చేశాను. "బోల్టు రంధ్రాలతో పట్టుకునే ప్లేటుందా?" అంటే, "మేడమ్, మీరు మెకానిక్కా?" అంటారు. చివరికి జ్ఞాన్ అనే ఆయన దొరికాడు. ఫిజీలో పుట్టాడట, సర్రేలో పెరిగి మూడేళ్ల కిందట ఇక్కడ ట్రైలర్ల షాపు పెట్టాడు. వాళ్ల ముత్తాత తెలుగువాడేనట. ఆయనకొచ్చిన తెలుగు రెండే ముక్కలు, "అన్నం తిన్నావా" ఒకటి, రెండోది ఉత్తరంలో రాయకూడదు. మా చక్రాల మీద సీసం ముక్కలు చూసి ఆ రెండోదే అన్నాడు. అన్నీ పీకేసి, ప్లేటు బిగించి, మా కళ్లముందే తిప్పాడు. "చూడు సిస్టర్, ముందు మెషీన్ కూడా అబద్ధమాడింది. బోల్టులతో పట్టుకుంటేనే నిజం చెప్తుంది" అన్నాడు. నువ్వూ ఆయనా కవలలేమో అనిపించింది, ఆయన మాత్రం పొట్టిగా ముగిస్తాడు.

అన్నయ్యా, ఇప్పుడు ట్రైలర్ వెనక ఉందో లేదో తెలీనట్టు వస్తోంది. రేవంత్ అద్దంలో మాటిమాటికీ చూసుకున్నాడు.

వదినకు చెప్పావా? నాకు రాశావు సరే. చెయ్యెత్తలేనిది ఆవిడ.

స్వీటీ


హామిల్టన్,
జూన్ 10

చెల్లెమ్మా,

చెప్పాను. వంటింట్లో స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. మీ వదిన బీన్స్ తుంచడం ఆపలేదు. చివరికి, "ఆ టైరు నేనూ తడిమాను. నువ్వు చెప్తావని రెండేళ్లు చూశాను" అంది. అంతే. నేనూ ఒక గుప్పెడు బీన్స్ తీసుకుని తుంచాను.

ఆదివారం వేదికెక్కి అందరికీ చెప్పాను. ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకాయన దగ్గరికొచ్చి, "అన్నా, సాతాను సాక్ష్యమే బావుంది" అన్నాడు. నాకు ఈ జనంతో ఏం చేయాలో తోచడం లేదు. ఎదురుగా నిజం పెడితే పక్కనున్న అబద్ధం వైపు చెయ్యి చాస్తారు. ఇశ్రాయేలీయులు ఆకాశం నుంచి వచ్చిన రొట్టె చేతిలో పెట్టుకుని ఐగుప్తు ఉల్లిపాయల కోసం ఏడ్చినట్టు!

మీ పని అయిందనుకుని గంతులేయకండి. చక్రాలు విప్పి బిగించాక నట్లు కొంచెం సర్దుకుంటాయి. ఎనభై కిలోమీటర్లు నడిపాక, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. జ్ఞాన్‌ని అడిగి ఆయన చెప్పిన అంకెకు పెట్టి, టిక్ అనగానే ఆపాలి. మెలకువగా ఉండమని ప్రభువు మనకు ఊరికే ఆజ్ఞాపించలేదు.

కూటంలో కలుద్దాం. ఇరవై నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. ఈసారి నా ప్రసంగం పొట్టిగా ఉంటుంది. నమ్మరని తెలుసు.

కృపానిధి


కాల్గరీ,
జూన్ 26

అన్నయ్యకు,

ఇదే చివరి ఉత్తరం, తర్వాత ఎదురెదురుగా పోట్లాడుకుందాం. జూలై ఒకటిన పొద్దున్నే బయలుదేరుతున్నాం. ఆ రాత్రికి గోల్డెన్ దగ్గర నది పక్కన ట్రైలర్లు నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగుతాం. నంబరు కింద రాశాను, అక్కడ ఫోన్లకు సిగ్నల్ ఉండదట. రెండో తారీఖు పదకొండింటికల్లా ఖాళీ చేసి రోజర్స్ పాస్ కొండదారి ఎక్కుతాం. నీకివన్నీ ఎందుకు రాస్తున్నానంటే, రాయకపోతే పద్నాలుగు మెసేజీలు పెడతావు.

పోయిన ఆదివారం ట్రైలర్‌ని ప్రభువుకు ప్రతిష్ఠ చేశాం. పాస్టర్‌గారు ఊళ్లో లేరు, మేమే చేసుకున్నాం. నువ్వు పోయినేడు మా ఇంటికొచ్చి గుమ్మాలన్నిటికీ అభిషేకం చేసి, మిగిలిన ఆలివ్ నూనె సీసా నాకిచ్చి వెళ్లావు కదా. అది తీశాను. నువ్వు మా గుమ్మాలకు చేసినట్టే చేద్దామనుకున్నాను. ఎలాగూ ఆ రోజు నట్లు మళ్లీ బిగించాలి. రేవంత్ ఒక్కొక్క నట్టూ విప్పాడు, నేను ఆ బోల్టుకు నూనె రాసి, కూటానికొచ్చే ఒక్కో కుటుంబం పేరు చెప్పి ప్రార్థించాను, ఆయన తిరిగి బిగించాడు. నాలుగు చక్రాలకు ఆరేసి బోల్టులు, సరిగ్గా ఇరవై నాలుగు! లెక్క కుదిరేసరికి నాకు ఒళ్లు జలదరించింది. ధరణి మీ పేరు వంతు వచ్చినప్పుడు రెండు చుక్కలు పోసింది. "మామయ్య టాక్స్ ఎ లాట్, హీ నీడ్స్ ఎక్స్‌ట్రా" అంది.

నమ్మవు గానీ, నట్లు ఎంత మెత్తగా తిరిగాయో! అంతకుముందు రేవంత్ పళ్లు బిగపట్టి తిప్పేవాడు. ఈసారి వెన్నలో తిప్పినట్టు. ఒక్కోటి మునుపటికన్నా అర చుట్టు ఎక్కువే లోపలికెళ్లి టిక్ అంది. ఒక్కటి మాత్రం, కుడి పక్క వెనక చక్రంలోది, ఎంత తిప్పినా టిక్ అనలేదు, తిరుగుతూనే ఉంది. గట్టిగానే ఉందిలే అని వదిలేశాడు. "మీ అన్నయ్య నూనెలో ఏదో ఉంది" అన్నాడు. రేవంత్ నోట ఆ మాట వింటానని నేననుకోలేదు.

నీ మీద విసుక్కున్నవన్నీ మనసులో పెట్టుకోకు. నువ్వు వెంటపడకపోతే ఆ ట్రైలర్ అలాగే వణుకుతూ బయలుదేరేది.

నీ చెల్లి,
స్వీటీ


హామిల్టన్,
జూలై 2, ఉదయం 11 గంటలు. మీకు తొమ్మిది.

స్వీటీ,

ట్రైలర్ కదపకండి.

నీ ఉత్తరం గంట కిందట పోస్టులో వచ్చింది. నిన్న కెనడా డే సెలవు. నీకు తొమ్మిదిసార్లు, బావగారికి ఆరుసార్లు ఫోన్ చేశాను. కలవలేదు. క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు ఫోన్ ఎత్తింది. అక్కడున్న అమ్మాయికి ఇది మెయిల్ చేస్తున్నాను, ప్రింట్ తీసి మీ చేతిలో పెడతానంది. కదలొద్దన్నాడని ఆ అమ్మాయి నోటితో చెప్తే చాలదు. "మా బావ ఎప్పుడూ అంతే" అని బావగారు తాళం తిప్పుతారు. అలా అనడానికి ఆయనకు హక్కు ఇచ్చింది నేనే. అందుకని ఎందుకో రాస్తున్నాను. ఇందులో వాక్యం లేదు, ప్రసంగం లేదు. చివరిదాకా చదవండి.

బోల్టు మర పొడిగా ఉండాలి. టార్క్ రెంచ్ కొలిచేది నట్టు తిరగడానికి ఎంత బలం పడుతోందన్నది. పొడి మరకు లెక్క వేసి ఆ అంకె ఇస్తారు. నూనె రాస్తే నట్టు సులువుగా తిరుగుతుంది, టిక్ అనేసరికి బోల్టు మోయగలిగినదానికన్నా ఎక్కువ సాగిపోయి ఉంటుంది. మెత్తగా తిరగడం మేలు కాదు. అర చుట్టు ఎక్కువ వెళ్లడం మేలు కాదు. టిక్ అననిది గట్టిగా లేదు, ఆ బోల్టు లోపల తెగడానికి సిద్ధంగా ఉంది. అది తెగితే దాని బరువు పక్క బోల్టుల మీద పడుతుంది, అవీ సాగినవే. కాల్గరీ నుంచి అక్కడిదాకా వచ్చారు. కొండెక్కి దిగేటప్పుడు ఆ చక్రం నిలబడుతుందని నేను చెప్పలేను.

తప్పు నీది కాదు. గుమ్మాలకు నూనె రాయడం నేను చూపించాను. సీసా నేనిచ్చాను. పద్దెనిమిదేళ్లుగా బోల్టులు బిగిస్తూ, బోల్టుకు నూనె తగలకూడదన్న ఒక్క ముక్క నా ఇన్ని పేజీల్లో ఎక్కడా రాయలేదు. గాడిద గురించి రాశాను, ఒంటె గురించి రాశాను.

జ్ఞాన్‌కి ఫోన్ చేశాను. ఆ రెండో ముక్క నన్నే అన్నాడు. తర్వాత రెవెల్‌స్టోక్‌లో ఉన్న వాళ్ల పినతండ్రి కొడుకు ప్రశ్నీల్‌ని లేపాడు. అతను ఇరవై నాలుగు కొత్త బోల్టులు వ్యాన్లో వేసుకుని బయలుదేరాడు, మధ్యాహ్నానికి మీ దగ్గరుంటాడు. అన్నీ మారుస్తాడు, ఒక్కటి కూడా పాతది ఉంచడు. సాగిన బోల్టు మళ్లీ పొట్టిదవదు. అతను వచ్చేదాకా బావగారు రెంచ్ ముట్టుకోకూడదు. సరిచూద్దామని ఒక్క పట్టు కూడా పట్టకూడదు.

కొత్త బోల్టులకు నూనె వద్దు. ఇది నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. చక్రాల మీద మిగిలిన నూనె కూడా అతను మందు కొట్టి తుడుస్తాడు, అడ్డుపడకు. నువ్వు చెప్పిన ఇరవై నాలుగు పేర్లూ చేరాల్సిన చోటికి చేరాయి. ఇనుము మీద వాటి పని లేదు. కూటం మొదటి రోజు తప్పితే తప్పనీ, నా ప్రసంగం మీరు వినలేకపోయినా ఫర్వాలేదు.

ఇంకా రెండు గంటలే ఉంది. ఆఫీసుకెళ్లి ఈ రోజుకు కూడా ఆ చోటు తీసుకో. ధరణిని ట్రక్కులోంచి దింపు. ట్రైలర్‌ని కొక్కెం నుంచి విప్పించు. బావగారి జేబులోంచి తాళం తీసుకుని నీ దగ్గర పెట్టుకో. అయ్యాక ఆఫీసు ఫోన్లోంచి నాకు ఒక్కమాట చెప్పు, ఇక్కడే కూర్చున్నాను. లే, స్వీటీ. ఈ కాగితం చేతిలో ఉండగానే లే.

కృపానిధి